అమీర్‌పేటకు మోసుకెళ్ళిన వాక్కాయలు

మా బావగారు అందరికీ చెప్పే కథ ఇది. నర్సాపురం నుంచి మరదలు వాక్కాయలు పట్టుకుని వచ్చింది, అయిదు రోజులు దగ్గరుండి నాటుకోడి వండి పెట్టింది, ఎస్తేరు ఇష్టంగా కడుపునిండా తింది, ఆ తృప్తితోనే ప్రభువు దగ్గరికి వెళ్ళింది. అక్క జ్ఞాపకార్థ కూడికలో ఆయన ఇది చెబుతుంటే ముందు వరుసలో ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. ఇప్పుడది మా నర్సాపురం చర్చిలో సాక్ష్యమైపోయింది. అక్కడ ఆ కథలోకి ఇంకో రెండు కోళ్ళు కూడా వచ్చి చేరాయి.

వాక్కాయలు పట్టుకెళ్ళిన మాట నిజం. వండిన మాట నిజం. గిన్నె ఖాళీ అయిన మాట కూడా నిజమే. మిగిలింది నేను చెబుతాను, ఎందుకంటే వెళ్ళింది నేను. హైదరాబాద్ వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినార్ గురించి రాస్తారు, బిర్యానీ గురించి రాస్తారు. నేను అయిదు రోజుల్లో చూసింది అమీర్‌పేటలో ఒక సందు, ఎర్రగడ్డలో ఒక బజారు, పంజాగుట్టలో ఒక ఆసుపత్రి. చూసిందే రాస్తాను.

బేగంపేటలో దిగిన సంచీ

శ్రావణంలో మా పెరటి కంచె వెంట వాక్కాయలు గులాబిరంగుకి తిరుగుతాయి. మూడు కిలోలు కోసి గుడ్డసంచీలో పోసి రైల్లో సీటు కింద పెట్టాను. దారిలో ఒకాయన ఎక్కి దాని మీదికి బియ్యం మూట తోశాడు.

“ఏమండీ, ఆ సంచీలో కాయలున్నాయి. మీ మూట పక్కకి జరపండి.”

“ఏం కాయలండీ?”

“వాక్కాయలు.”

“హైదరాబాద్‌లో దొరకవేంటండీ? ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళాలా?”

“హైదరాబాద్‌లో బియ్యం దొరకవేంటండీ?”

ఆయన బేగంపేట దాకా నాతో మాట్లాడలేదు. మూట కూడా జరపలేదు. తెల్లారి చూసుకుంటే సగం కాయలు చితికి, పాలు కారి, సంచీ అడుగున పెట్టుకున్న నా తువ్వాలు బంకగా అతుక్కుపోయి ఉంది. మాటల్లో నెగ్గి సరుకు పోగొట్టుకోవడం నాకు కొత్తేం కాదు. ముప్పయ్యేళ్ళుగా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను, స్టాఫ్‌రూములో జరిగేదీ అదే.

స్టేషన్ బయట ఆటో అతను అమీర్‌పేటకి నూటయాభై అన్నాడు. “రెండు అడుగులకి నూటయాభయ్యా?” అన్నాను. “రెండడుగులైతే నడువున్రమ్మా, నాదేం పోయింది” అన్నాడు. నిజమే. ఎక్కి కూర్చున్నాను. వాన పడుతోంది. పైన మెట్రో, కింద నీళ్ళు, మధ్యలో మేము.

సందులో ఇల్లు

అమీర్‌పేటలో గోడ కనిపించదు. గోడంతా బోర్డులే. నలభై రోజుల్లో ఈ కోర్సు, అరవై రోజుల్లో ఆ ఉద్యోగం, పక్కనే ఆడపిల్లల హాస్టల్, ఆ పక్కన మగపిల్లల హాస్టల్, రెంటికీ మధ్య ఇడ్లీబండి. పళ్ళేనికి ప్లాస్టిక్ కాగితం తొడిగి దాని మీద ఇడ్లీ పెట్టి, మునిగేలా పల్లీచట్నీ పోస్తాడు. తిన్నాక కాగితం లాగి పారేస్తే పళ్ళెం కడిగే పనుండదు. మా ఊళ్ళో టిఫిన్ కొట్టాయన రెండో ఇడ్లీ వేసేలోపు మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో అడిగేస్తాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆ ఉదయం నాకు అదే హాయిగా అనిపించింది.

అక్కావాళ్ళది కింది అంతస్తు ఫ్లాటు. పడకగది కిటికీ పార్కింగ్‌లోకి తెరుచుకుంటుంది. బావగారు ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. తలుపు తీసినావిడ భుజం మీదుగా లోపలికి చూశాను, అక్క ఎక్కడుందా అని.

“ఏమే సలోమీ, ఎవరికోసం వెతుకుతున్నావ్?”

తీసింది అక్కే.

కడుపులో కేన్సర్. రెండు విడతలు మందు ఎక్కించారు. మూడో విడత ఆ గురువారం. నలభై కిలోలకంటే తగ్గితే మాత్రం ఎక్కించేది లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కొవ్వు లేని మాంసం, తోలు తీసేసిన కోడి, నూనె తక్కువ, కారం వద్దు, మెత్తగా ఉండాలి. అది ఆవిడ పట్టీ. అక్కకేమో నోరు చచ్చిపోయింది. అన్నం సున్నంలా ఉందనేది ఫోనులో. ఒకరోజు, “మనకి జ్వరం తగ్గాక అమ్మ పెట్టేదే వాక్కాయ కోడి, అదైతే తింటానేమోనే” అంది. ఆ ఒక్క మాటకి నేను సెలవు పెట్టి టికెట్ కొన్నాను.

ఆ కూర గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఊరు దాటితే తెలియదంటారు. వాక్కాయలు చీల్చి, గింజలు తీసి, ఉప్పునీళ్ళలో గంట నానేస్తే పాలు పోతుంది. కాసిని నీళ్ళు, అల్లం, చిన్న బెల్లంముక్క వేసి ఉడికించి మెదిపితే చిక్కటి ఎర్రటి గుజ్జొస్తుంది. కోడి రొమ్ముముక్కలకి పసుపూ పెరుగూ పట్టించి, విడిగా మెత్తగా ఉడికించి, ఆ గుజ్జులో వేసి సన్నసెగ మీద మూతపెట్టాలి. కొవ్వు లేని మాంసం చూస్తుండగానే పీచైపోతుంది. ఆ పులుపే దాన్ని తేమగా పట్టి ఉంచుతుంది. చివర వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర. రుచి మాత్రం చూడకూడదు. జబ్బుమనిషికి వండింది ముందు జబ్బుమనిషే తినాలని అమ్మ రూలు. ఉప్పు అందాజే.

ముందే కబురు చేస్తే బావగారు కోడి తెచ్చి ఉంచారు. చితక్కుండా మిగిలిన కాయల్లో ఒక గుప్పెడు ఫ్రిజ్‌లో దాచి మిగతావి వాడాను. గిన్నె చేతికిస్తే అక్క లేచి గదిలోకి నడిచింది.

“ఇక్కడ తినొచ్చుగా!”

“మీరిద్దరూ నా నోట్లోకి చూస్తూ కూర్చుంటే నాకు దిగదు. తలుపేసుకుని తింటాను.”

పావుగంటకి ఖాళీ గిన్నెతో వచ్చింది. “బాగుందే. ఉప్పు కొంచెం తగ్గింది” అంది.

నా వంటలో ఉప్పు తగ్గిందని అక్క అనడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. ఎప్పుడూ ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం బావగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. సాయంత్రం అర గ్లాసు జావ తాగింది. రాత్రిపూట అంతకంటే అరగదంది.

ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఇరవయ్యొక్క గడులు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. పైన, ‘ఎస్తేరమ్మగారి స్వస్థత కొరకు గొలుసు ఉపవాస ప్రార్థన’ అని అక్క దస్తూరీ. వాళ్ళ చర్చి స్త్రీల సమాజంలో ఒక్కొక్కరూ ఒక్కో రోజు పొద్దున్నుంచి సాయంత్రం ఆరుదాకా ఏమీ తినకుండా ప్రార్థన చేస్తారు. ఒకరు ముగిస్తే ఇంకొకరు అందుకుంటారు. గొలుసు తెగకూడదు. ఆ రోజు పదిహేడోది. నేను క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ చర్చికెళ్ళే రకం. చదివి, పెదవి విరిచి, ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసుకున్నాను.

ఎర్రగడ్డ రైతుబజారు

రెండోరోజుకి కాయలు చాలవు. మెట్రోలో మూడు స్టేషన్లు. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, అందరూ ఫోన్లలోకి చూస్తున్నారు. రైతుబజారులో మాత్రం మనుషులున్నారు. కుప్పల వెనక కూర్చున్న ఒకావిడకి నా దగ్గరున్న కాయ చూపించాను.

“ఓ, కరోండాలా! ఉన్నయ్. పచ్చడికా?”

“కోడిలోకి.”

“కోడిలకా!” పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. “ఇంటున్నవా? గీ ఆంధ్రోళ్ళు కోడిల గోంగూర ఏస్తరు, చింతచిగురేస్తరు, మామిడికాయేస్తరు. కోడిని కోడిలెక్క ఎన్నడన్న తింటరా అక్కా మీరు?”

“మీరేం వేస్తారేంటి?”

“మేం కోడిల కోడే ఏస్తం.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అయిదు రోజుల్లో నేను నోరారా నవ్వింది అక్కడే. కిలో నూట నలభై అంది. మా దగ్గర వాక్కాయలకి డబ్బులిచ్చినవాణ్ణి వెర్రివాడంటారు. ఆ మాట పైకే అన్నాను.

“గట్లైతే మీ ఊర్లనే కోస్కోకపోయినవ్? ఎవల కోసం గింత తిప్పల?”

“మా అక్క కోసం. ఒంట్లో బాలేదు. ఏమీ తినట్లేదు.”

ఆవిడ తూచడం ఆపింది. నా మొహం చూసి, తక్కెడలోది సంచీలో పోసి, పైన ఇంకో రెండు దోసిళ్ళు పోసింది. “గియి సుత ఏస్కపో. బీమారున్నోళ్ళ కాడ తూకం చూస్తరా! తింటది తియ్. ఫికర్ చెయ్యకు.”

తింటది తియ్. ఆ మాటని నేను మెట్రోలో మూడు స్టేషన్లూ ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

అమీర్‌పేటలో కోళ్ళ దుకాణం భాయ్‌తో పావుగంట వాదన. తోలు తీసిన నాటుకోడి, రొమ్ముముక్కలే కావాలన్నాను.

“నాటుకోడిల బ్రెస్ట్ ఎంతుంటది మేడమ్, పిట్టంత! బాయిలర్ తీస్కోన్రి. మెత్తగుంటది.”

“కదలకుండా కూర్చుని పెరిగిన కోడికి కండ ఎక్కడుంటుంది? అది ఉబ్బు. తిరిగిన కోడి మాంసంలోనే బలం.”

“టీచరా మేడమ్?”

“అవును.”

“గందుకే” అని కత్తి అందుకున్నాడు.

ఇంటికి రాగానే బావగారు, “పొద్దున్నే ఎర్రగడ్డ వెళ్ళొచ్చానని ఎవరితోనూ అనకమ్మా, ఇక్కడ పిచ్చాసుపత్రి అనుకుంటారు” అన్నారు. చాలా రోజుల తరవాత వేసిన హాస్యమట. అక్క కూడా నవ్వింది. ఆ రోజు చిటికెడు ఉప్పు ఎక్కువ వేశాను. మళ్ళీ గది, మళ్ళీ తలుపు, మళ్ళీ ఖాళీ గిన్నె. “ఇవాళ సరిపోయింది” అంది అక్క.

పార్కింగ్‌లో స్టీలు డబ్బా

మూడోరోజు బుధవారం. బావగారు వైద్యఖర్చుల కాగితాల మీద సంతకాల కోసం ఎర్రమంజిల్ వెళ్ళారు. అక్క భోజనం గిన్నెతో గదిలోకి వెళ్ళింది. కొత్తిమీర అయిపోతే నేను వీధిలోకి వెళ్ళి, సందు చివర తోపుడుబండి దగ్గర కొనుక్కుని తిరిగొస్తున్నాను. వాచ్‌మన్ యాదగిరి పార్కింగ్‌లో, అక్క కిటికీ పక్కన కుర్చీ వేసుకుని అన్నం తింటున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి. నన్ను చూసి లేవబోయాడు.

“కూర్చో, తిను” అన్నాను.

“అమ్మా, నీ చేతికి దండం పెట్టాలె. పుల్లపుల్లగ మస్తున్నది. మొన్న జర ఉప్పు తక్కువుండె గని, నిన్న బరాబర్ వడ్డది.”

అతని ఒళ్ళో ఉన్నది స్టీలు డబ్బా. మూత కింద గచ్చు మీద ఉంది. మూత మీద చుక్కల అక్షరాల్లో చెక్కించిన పేరు, ఎస్తేరు. అక్క పెళ్ళికి అమ్మ కొన్న సామాను.

“ఎవరిచ్చారు?”

“మేడమే. రోజు కిటికీలకెల్లి ఇస్తది. తినలేక మిగిలింది, పారబోసుడెందుకు యాదగిరీ అంటది.” నా మొహంలో ఏం కనిపించిందో, ముద్ద డబ్బాలో పెట్టేశాడు. “తప్పయ్యిందా అమ్మా?”

“లేదు. తిను. నువ్వు తిను.”

మూడు రోజులు. నర్సాపురం పెరడు, ఎర్రగడ్డ దోసిళ్ళు, నడిచి తిరిగిన కోడి. అన్నీ ఆ కిటికీలోంచి బయటికి వెళ్ళాయి.

గదిలోకి వెళ్ళాను. అక్క ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని కిటికీ మూస్తోంది. నేనేమీ అడగకముందే, “చూశావా?” అంది.

“ఎందుకక్కా?”

ఫోను చేతికిచ్చింది. చదివాను. ‘అక్కా, ఆఫీసులో ఆడిట్, ఇవాళ నా వల్ల కాదు.’ ‘అక్కగారూ, బీపీ పడిపోయింది, క్షమించండి.’ ‘ఆంటీ, నైట్ షిఫ్ట్ చేసి వచ్చాను.’ అలాంటివి తొమ్మిదో పదో. ప్రతిదాని కిందా అక్క జవాబు ఒకటే. ‘పర్లేదమ్మా, నేను చూసుకుంటాను.’

నాకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. సమాజానికి అక్క పద్దెనిమిదేళ్ళుగా సెక్రటరీ. గొలుసులో ఎవరైనా తప్పుకుంటే ఆ రోజు సెక్రటరీ ఉపవాసం ఉండాలి. ఎవరి పిల్లలకి జబ్బు చేసినా, ఎవరి ఉద్యోగం పోయినా, ఖాళీ గడులన్నీ అక్కే నింపింది. ఇప్పుడూ అదే చేస్తోంది.

“నీ జబ్బు తగ్గాలని నువ్వే పస్తుంటావా? ఇదెక్కడి విడ్డూరం? ఎవరు పెట్టారు ఆ రూలు?”

“నేనే పెట్టాను.”

“అయితే నువ్వే తీసెయ్యి!”

“వాళ్ళు నాకోసం కడుపు మాడ్చుకుంటుంటే నేను కోడికూర తింటూ కూర్చోనా?”

“వాళ్ళు మాడ్చుకోవట్లేదుగా! ఇదిగో, బీపీ, ఆడిట్, నైట్ షిఫ్టు!”

“అది వాళ్ళకీ నాకూ మధ్య విషయం. నీకెందుకే?”

“సరే, ఆరు దాటాకైనా తినొచ్చుగా?”

“ఆరయ్యేసరికి కడుపు ముడుచుకుపోతుంది. జావ తప్ప దిగదు.”

“మరి వాక్కాయ కోడి తినాలనుందని నాకెందుకు చెప్పావ్?”

“అప్పటికి గొలుసు మొదలవలేదు. మొదలయ్యేసరికి నువ్వు టికెట్ కొనేశావ్.” “నిన్ను చూడాలనీ అనిపించింది” అంది.

నేను అరిచాను. ఏడ్చాను. జంతుశాస్త్రం చెప్పాను, కండ కరిగితే ఏమవుతుందో చెప్పాను. నాకొచ్చిన నాలుగు వాక్యాలూ బైబిల్లోంచి తీసి విసిరాను. ఆవిడ నలభై తీసింది. చివరికి పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడో స్కూల్లో క్లర్కు. పని మధ్యలో తడిసిపోయి పరిగెత్తుకొచ్చింది. పోట్లాడదామని మాటలన్నీ నూరి పెట్టుకున్నాను, కానీ విషయం వినగానే ఆవిడ గుమ్మంలోనే కూలబడింది.

“అక్కగారూ, అందరూ ఉంటున్నారనే అనుకున్నానండీ. ఈ గడులన్నీ మీరే మోస్తున్నారా? మిగిలిన మూడు రోజులూ నేనుంటాను. నా పేరు రాయండి.”

“నీకు షుగరు. పడిపోతే పిల్లల్నెవరు చూస్తారు?” అంది అక్క.

ఆవిడ వినకుండా తానే కలం తీసి మూడు గడుల్లో తన పేరు రాసింది. అక్క సరేనంది. ప్రార్థన చేసి ఆవిడ వెళ్ళింది. మర్నాడు పొద్దున నేను పెట్టిన ఇడ్లీని అక్క వేలితో పక్కకి నెట్టింది.

“ఆవిడ ఉంటోందిగా!”

“ఉండలేదు. మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి. నాకు తెలుసు. ఇంకో రెండు రోజులేగా సలోమీ. మీ బావగారికి మాత్రం చెప్పకు. ఆయన తట్టుకోలేరు.”

ముక్క తుంచి నోటి దగ్గర పెట్టాను. పసిపిల్లలా పెదాలు బిగించింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి పెదాలు విడదీసే శాస్త్రం నేను చదువుకోలేదు.

పంజాగుట్ట

గురువారం పంజాగుట్ట. అమీర్‌పేట నుంచి దూరమేం కాదు, కానీ వానలో, ఆ ఫ్లైఓవర్ కింద మా క్యాబ్ నలభై నిమిషాలు నిలబడింది. ఒక పక్క బంగారం కొట్లు, ఒక పక్క పట్టుచీరల కొట్లు, అద్దాల్లో నగలేసుకుని నిలబడ్డ బొమ్మలు. అక్క వాటినే చూస్తూ, “ఈ బొమ్మకంటే నేనే సన్నగా ఉన్నాను” అంది. బావగారు ముందు సీట్లో కూర్చుని ఎంతకీ మారని సిగ్నల్‌ని తిడుతున్నారు.

ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం మీద అంకెలు కాసేపు ఆడి, ముప్ఫై ఎనిమిదిన్నర దగ్గర ఆగాయి. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా కాలేజీ పిల్లల కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“ఈసారి ఆపుదామమ్మా. బరువు పెరిగాక చూద్దాం. ఏం తింటున్నారు?”

అక్క నావైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గాజుసీసా పగలగొట్టినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, అమ్మకి చెప్పకే అని చూసే చూపు. పక్కన బావగారు, చేతిలో ఫైలు.

నేను ఎవరికీ భయపడను. ప్రిన్సిపాల్‌తో పోట్లాడాను, మునిసిపాలిటీతో పోట్లాడాను, బియ్యం మూటతో పోట్లాడాను. నోరు విప్పాల్సిన ఒకే ఒక్క చోట, “నాటుకోడండీ. వాక్కాయ గుజ్జుతో. రోజూ గిన్నెడు తింటోంది” అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది. తిన్నా కూడా బరువు తగ్గుతోందంటే జబ్బు ముదిరిందని ఆవిడ లెక్క వేసుకుని ఉంటుంది. బావగారు అక్క భుజం తట్టారు, “తింటోందిగా, పెరుగుతుంది” అని.

ఆయన ఇవాళ అందరికీ చెప్పే కథ పుట్టింది అక్కడ. నా నోట్లో.

తిరుగుదారిలో బావగారు ఇరానీ హోటలు దగ్గర క్యాబ్ ఆపించి మాకు చాయ్ తెచ్చారు. అక్క కప్పు పట్టుకుని ఆవిరి పీల్చి, తిరిగి నా చేతికిచ్చింది. రెండు కప్పులూ నేనే తాగాను.

నర్సాపురం గుప్పెడు

శుక్రవారం ఇరవయ్యొకటో గడి. సాయంత్రం నా రైలు, మర్నాడు కాలేజీలో ప్రాక్టికల్స్. ఫ్రిజ్‌లో దాచిన గుప్పెడు నర్సాపురం కాయలు తీసి వండాను. ఆ రోజు నేనొక పని చేశాను. ఉప్పు వెయ్యలేదు. కాయలు నానేసిన నీళ్ళలో కూడా. మర్చిపోలేదు, కావాలనే మానేశాను. ‘ఉప్పు లేదేంటే’ అని అక్క నోట వింటే చాలు, నాలుక బతికే ఉందని నమ్మకంతో రైలెక్కొచ్చు అనుకున్నాను. ప్రయోగం చెయ్యడం నా వృత్తి.

నా రైలు కోసమని పాస్టరమ్మగారు కాస్త ముందే ప్రార్థన ముగించింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. నిజంగానే మూడు రోజులూ ఉన్నట్టుంది. అక్క ఆవిడకి చక్కెర నీళ్ళు ఇప్పించి, “నాకూ పెట్టవే” అంది. తలుపేసుకోలేదు. బల్ల దగ్గర అందరి మధ్యా కూర్చుంది. స్వయంగా చెంచాతో గుజ్జు తీసుకుంది, ఎర్రగా, అమ్మ చేసినట్టే. నోట్లో పెట్టుకుంది.

మేము ముగ్గురం ఆవిడ నోటివైపే చూస్తున్నాం. ఆవిడ గొంతు ఒకసారి కదిలింది, రెండుసార్లు కదిలింది. తరవాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. మింగలేకపోయింది. ఇన్నాళ్ళూ తినకుండా ఉండగలిగిన మనిషికి, తినాలనుకున్న రోజు తినడం చేతకాలేదు.

“బాగుందే” అంది. “రేపు తింటాను. మిగిల్చి ఉంచు.”

బావగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఉప్పే లేదమ్మా ఇందులో!” అన్నారు.

అక్క ఏమీ అనలేదు.

ఆటోలో సంచీ పెట్టడానికి యాదగిరి వచ్చాడు. మూడోరోజు నుంచీ అతను నాకు ఎదురుపడటం మానేశాడు. అడిగాను. “యాదగిరీ, మొదటిరోజు ఉప్పు తక్కువైందన్నావు. ఆ మాట మేడమ్‌కి చెప్పావా? కూర ఎలా ఉందని మేడమ్ అడిగిందా?”

“లేదమ్మా. నన్నేం అడగలె, నేనేం చెప్పలె. డబ్బా ఇయ్యంగనే కిటికీ ఏస్కుంటుండె.” సంచీ ఆటోలో పెట్టాడు. “మేడమ్ తింటలేదని నాకెర్కలేదమ్మా. ఎర్కుంటే ముడుతునా?”

“నీ తప్పేం లేదు” అన్నాను. అతను నమ్మినట్టు లేదు.

అయిదు వారాల తరవాత అక్క పోయింది. మూడో విడత మందు ఎక్కించనే లేదు. గొలుసుకి ముందే ఆ జబ్బు ముదిరి ఉందేమో, తిన్నా ఇంతే అయ్యేదేమో నాకు తెలియదు. డాక్టరమ్మని అడగలేను, నేను ఆవిడకి చెప్పింది అబద్ధం. ఆ అయిదు వారాలూ రోజూ ఫోను చేశాను. వాన గురించి అడిగాను, బావగారి మోకాళ్ళ గురించి అడిగాను. ఆ కూర రుచి చూశావా అని మాత్రం అడగలేదు. తిన్నానని అంటే, ఆ ముక్కతో గొలుసు తెగిందని, తెంపింది తనేనని ఆవిడ మనసులో పెట్టుకునే ఉండి ఉంటుంది, దాన్ని నేను కెలికినట్టు. తినలేదంటే, నేను మోసుకెళ్ళిన కాయల్లో ఒక్కటీ ఆవిడ నాలుకకి తగలనట్టు. ఏ జవాబూ వినే ధైర్యం నాకు లేకపోయింది.

ఇది అచ్చుకి పంపేముందు బావగారికి ఫోనులో మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు. తరవాత, “నువ్వు రాసేది నువ్వు రాసుకో అమ్మా. నేను చెప్పేది నేను చెప్పుకుంటాను” అన్నారు. చెప్పుకోనివ్వండి. నేనిక ఆయనతో వాదించను.

నాకు మాత్రం ఒక్కటి తేలాలి. ఆ సోమవారం కూర నేను రుచి చూడలేదు. బావగారు ముట్టుకోలేదు. యాదగిరి నోరు విప్పలేదు. నా చేతి ఉప్పు సంగతి తెలిసి అలవాటుగా అన్న మాటే అయితే, మర్నాడు సరిపోయిందని ఎలా అంది? తలుపు వేసుకున్న గదిలో, కిటికీ తెరిచేలోపు, ఒక్క ముక్కయినా నోట్లో పెట్టుకుందా? పెట్టుకోకపోతే, ఉప్పు తగ్గిందని మా అక్కకి ఎవరు చెప్పారు?